"ప్రార్థన కోసమే కదా" అని పంపే ఫార్వర్డు గురించి ప్యూరిటన్లు ఏమనేవారు?

మీ ప్రశ్న సారాంశం ఇది. యవనస్థుల బైబిలు అధ్యయనంలో ప్యూరిటన్ల (పదహారు, పదిహేడో శతాబ్దాల్లో ఇంగ్లండ్ సంఘాన్ని ఇంకా శుద్ధి చేయాలన్న ప్రొటెస్టంట్ల) నిబంధన వేదాంతం చదువుతున్నారు. అదే సంఘం వాట్సాప్ గ్రూపులో ఎవరూ నిర్ధారించుకోని హింస వార్తలు, స్వస్థత సాక్ష్యాలు, ఫలానా సేవకుడి మీద ఆరోపణలు రోజూ తిరుగుతున్నాయి. అడిగితే పెద్దలు "ప్రార్థన కోసమే కదా, తప్పేముంది" అంటున్నారు. పదిహేడో శతాబ్దపు వేదాంతానికి, ఈ ఫోన్ గోలకు ఏం సంబంధం అని అడిగారు.

సంబంధం గట్టిదే. "అబద్ధమాడకు" అన్న ఒక్క మాట కోసమైతే ప్యూరిటన్ల దాకా వెళ్లనక్కర్లేదు, అది ఆదివారపు బడి పిల్లలకూ తెలుసు. వాళ్ల ప్రత్యేకత వేరే ఉంది. అబద్ధం చెప్పినవాడితో పాటు దాన్ని చెవిన వేసుకున్నవాణ్ణి, నమ్మినవాణ్ణి, మోసుకెళ్లినవాణ్ణి కూడా వాళ్లు దోషిగానే చూశారు. ఎందుకలా చూశారో నిబంధన వేదాంతం తెలిస్తేనే అర్థమవుతుంది.

1643లో లండన్‌లో సమావేశమైన వెస్ట్‌మినిస్టర్ సభ 1646లో విశ్వాస ప్రమాణాన్ని పూర్తి చేసింది. దాని ఏడో అధ్యాయం నిబంధన గురించే. సృష్టికర్తకూ సృష్టికీ మధ్య దూరం ఎంత పెద్దదంటే, దేవుడు తానై దిగివస్తే తప్ప మనిషి ఆయన్ని ఆశీర్వాదంగా పొందలేడు. ఆ దిగిరావడం నిబంధన రూపంలో జరిగింది అంటుంది ఆ అధ్యాయం. మొదట ఆదాముతో క్రియల నిబంధన, అది భంగమయ్యాక క్రీస్తులో కృపా నిబంధన. అంటే దేవుడికీ మనిషికీ మధ్య ఉన్న బంధమంతా ఇచ్చిన మాట మీదే నిలబడి ఉంది. తీతు పత్రికలో "అబద్ధమాడనేరని దేవుడు" అన్న మాటను వాళ్లు అలంకారంగా చదవలేదు. ఆ మాట కదిలితే రక్షణే కదులుతుంది. ఇచ్చిన మాట మీద బతికే జనం తమ మధ్య మాటను పాడుచేసుకుంటే, తాము నిలబడ్డ నేలనే తవ్వుకుంటున్నట్టు.

నిబంధన మీద మొదటి దాడి ఎలా జరిగిందో కూడా గమనించండి. దేవుడు వద్దన్నది ఒక్క చెట్టు. సర్పం అడిగింది: "ఇది నిజమా? ఈ తోట చెట్లలో దేని ఫలములనైనను మీరు తినకూడదని దేవుడు చెప్పెనా?" ఒక చెట్టు కాస్తా అన్ని చెట్లయింది. పైగా అది ఉత్త ప్రశ్నలాగే వచ్చింది. "నిజమో కాదో తెలియదు గానీ వచ్చింది, పంపుతున్నా" అనే మన గ్రూపు వాక్యానికి దీనికీ పోలిక ఉంది. ప్రశ్నగా అడిగినంత మాత్రాన బాధ్యత తీరిపోదు.

ఇక మీకు అసలు పనికొచ్చే భాగం. వెస్ట్‌మినిస్టర్ సభే తయారుచేసిన పెద్ద ప్రశ్నోత్తరావళిలో 196 ప్రశ్నలున్నాయి. వాటిలో 143 నుంచి 145 వరకు "నీ పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞ మీద. వాళ్ల లెక్కలో ఇది తొమ్మిదో ఆజ్ఞ. గుంటూరు, రాజమండ్రి వైపు లూథరన్ సంఘాలవాళ్లూ కతోలికులూ దీన్నే ఎనిమిదోదిగా లెక్కిస్తారు, అధ్యయనంలో తికమక పడకండి. 144వ జవాబు చేయాల్సినవి చెబుతుంది, 145వది చేయకూడనివి. రెంటినీ ఒక పూట కూర్చుని వాక్యం వాక్యం చదవమని నా గట్టి సలహా. 107 ప్రశ్నల చిన్న ప్రశ్నోత్తరావళిలో ఇదంతా రెండు మూడు వాక్యాల్లో తేలిపోతుంది, ఈ పనికి అది చాలదు.

144లో ఒక జంట ఉంది: పొరుగువాడి గురించి మంచిమాటను వెంటనే స్వీకరించడం, చెడ్డమాటను ఒప్పుకోవడానికి మనసు రాకపోవడం. 145లో దానికి ఎదురు: లేనిపోని వార్తలు లేపడం, చెడ్డమాటలను చేరనిచ్చి ప్రోత్సహించడం, న్యాయమైన సంజాయిషీ వినకుండా చెవులు మూసుకోవడం. ఇంకా కొన్ని: నిజాన్ని సమయం కాని సమయంలో చెప్పడం, కీడు తలపెట్టి చెప్పడం, తప్పుడు అర్థానికి వంచడం, రెండర్థాల మాటల్లో చెప్పడం. అంటే చెప్పింది అక్షరాలా నిజమైనా ఆజ్ఞ మీరవచ్చు. ఎప్పుడో ఇంకెక్కడో జరిగిన దాడి వీడియోకు నిన్నటి తేదీ, మన జిల్లా పేరు తగిలించి పంపితే ఫొటో నిజమే, సాక్ష్యం అబద్ధం. 145వ జవాబు రాసినవాళ్లకు కెమెరా తెలియదు. అయినా ఆ తప్పుకు సరిపోయే మాట రాసిపెట్టారు.

వినేవాడి మీద ఇంత భారం ఎక్కడి నుంచి వచ్చింది? నిర్గమకాండము 23:1 చూడండి. మన తెలుగు బైబిలులో "లేనివార్తను పుట్టింపకూడదు" అని ఉంది. అక్కడి హెబ్రీ క్రియ 'నాసా'. ఎత్తుకోవడం, మోయడం దాని అర్థం. ప్యూరిటన్ల ఇళ్లలో ఉన్న జెనీవా బైబిలు దాన్ని "అబద్ధపు కబురును స్వీకరించకూడదు" అనే అనువదించింది. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు "పుట్టించకూడదు" అని పెట్టి, అంచులో "లేదా, స్వీకరించకూడదు" అని రాసుకుంది. కీర్తన 15:3లో "పొరుగువానిమీద నింద మోపడు" అన్నచోట కూడా హెబ్రీలో అదే క్రియ. కాబట్టి "నేను పుట్టించలేదు, నాకొచ్చింది పంపానంతే" అన్న జవాబుకు ఈ వచనంలో చోటు లేదు. పంపడమంటేనే మోయడం. మన భాషలో కొండెములు మోయడం అన్న మాట ఊరికే రాలేదు.

ఒక ఫార్వర్డును దగ్గరగా చూద్దాం. 2021 ఆగస్టులో తాలిబాన్ కాబూల్‌ను పట్టుకున్నప్పుడు క్రైస్తవ గ్రూపుల్లో ఒక సందేశం దేశదేశాలు తిరిగింది: అఫ్గానిస్తాన్‌లో 229 మంది మిషనరీలకు మరణశిక్ష పడింది, రేపు మధ్యాహ్నం అమలు చేస్తారు, వెంటనే ప్రార్థించి అందరికీ పంపండి. ఇది అబద్ధం. 22 మంది అన్న లెక్కతో ఇలాంటి సందేశమే 2009 నుంచీ తిరుగుతోంది. దాని తయారీ చూడండి. "రేపు" ఉంది, తేదీ లేదు. అందుకే ఏళ్లు గడిచినా అది పాతబడలేదు. అంకె కచ్చితంగా ఉంది, ఆ మిషనరీల్లో ఒక్కరి పేరూ లేదు, వాళ్లను పంపిన సంస్థ పేరూ లేదు. చివర "వెంటనే పంపండి" అన్న ఆజ్ఞ ఉంది. నిజమైన ప్రార్థన మనవి ఎప్పుడూ ఇలా ఉండదు: ఎవరో, ఎక్కడో, ఏ తేదీ నాటిదో, ఎవరు చెప్పారో ఉంటుంది, భద్రత కోసం పేరు దాచితే దాచామని చెబుతుంది. ఆ రోజుల్లో అఫ్గాన్ విశ్వాసులు నిజంగానే ప్రమాదంలో ఉన్నారు. అబద్ధపు కబురు వాళ్లకు మేలు చేయలేదు. తర్వాత వచ్చే నిజమైన మనవిని కూడా జనం అనుమానంగా చూసేలా చేసింది.

పంపే ముందు చేయాల్సిన పని పెద్దదేమీ కాదు, పది నిమిషాలు. సందేశం పైన రెండు బాణాల గుర్తుందా చూడండి. అసలు పంపినవారి నుంచి కనీసం ఐదు చేతులు మారాకే వాట్సాప్ ఆ గుర్తు పెడుతుంది. 2020 ఏప్రిల్ నుంచి అలాంటిదాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. ఆ గుర్తుంటే మీ స్నేహితుడు దానికి సాక్షి కాడు, మోసినవాడు మాత్రమే. "ఇది మీకు ఎవరు చెప్పారు, వాళ్లు చూశారా" అని అతన్నే అడగండి. ఫొటో అయితే గూగుల్ లెన్స్‌లో వెతకండి. వీడియో అయితే ముఖాలూ బోర్డులూ కనిపించే చోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి దాన్నే వెతకండి. చాలాసార్లు కొన్నేళ్ల కిందటి అసలు చిత్రం బయటపడుతుంది. సంస్థ పేరుంటే ఆ సంస్థ సొంత వెబ్‌సైటులో చూడండి. వార్త ఒక మనిషి మీద అయితే అవతలి పక్షం ఏమంటోందో తెలిసేదాకా ఆగండి. సామెతలు 18:17 చెప్పేది అదే, వాది మాట్లాడినంతసేపూ అతనిదే న్యాయంలా ఉంటుంది. తేలకపోతే పంపకండి. ప్రార్థన మాత్రం చేయవచ్చు. దేవుడికి విన్నవించుకోవడానికి ఫార్వర్డు బటన్ అక్కర్లేదు, మీ పెద్దలకు ఈ ఒక్క మాట చెప్పండి చాలు.

ఇక్కడో హెచ్చరిక. నిబంధన వేదాంతం ఉన్నంత మాత్రాన సత్యం దానంతటదే నిలబడదు. 1692లో అమెరికాలోని ప్యూరిటన్ల వలస ప్రాంతం మసాచుసెట్స్‌లో, సేలంలో జరిగిన మంత్రగత్తెల విచారణలు ఇందుకు రుజువు, వాటిని దాచిపెట్టి ప్యూరిటన్లను బోధించడం సరికాదు. మేము దేవునితో నిబంధన చేసుకున్న జనం, నిబంధన తప్పాం కాబట్టే యుద్ధాలూ రోగాలూ వస్తున్నాయి, మాలోనే శత్రువు దాక్కున్నాడు అన్న భయం అక్కడి ప్రసంగాల్లో ఏళ్ల తరబడి పేరుకుంది. అబద్ధ సాక్ష్యం గురించి అంత సూక్ష్మంగా రాసుకున్న సంప్రదాయమే ఆ భయానికీ చోటిచ్చింది. ఫలానావారి రూపం వచ్చి మమ్మల్ని గిచ్చింది అన్న పిల్లల మాటను న్యాయస్థానం సాక్ష్యంగా తీసుకుంది. రూపం ఆరోపించినవాళ్లకే కనిపిస్తుంది. కాదని నిరూపించే దారే లేదు. 19 మందిని ఉరితీశారు. వాదించడానికి నిరాకరించిన గైల్స్ కోరీని బరువుల కింద నలిపి చంపారు.

రెబెకా నర్స్ కేసు మీ అధ్యయనంలో తప్పక చదవండి. వయసు 71, చెవుడు, సంఘంలో మంచి పేరు. 39 మంది ఇరుగుపొరుగు ఆమె పక్షాన సంతకాలు చేశారు. జ్యూరీ మొదట నిర్దోషి అన్నది. అప్పుడు న్యాయమూర్తులు ఆమె నోట వచ్చిన ఒక మాటను ఎత్తిచూపారు. మంత్రగత్తెనని ఒప్పుకొన్న ఒక స్త్రీని సాక్షిగా తెచ్చినప్పుడు, ఈమె మాలో ఒకరు కదా అన్న అర్థంలో ఆమె ఏదో అన్నది. 'మాలో' అంటే తోటి ఖైదీల్లో అని ఆమె ఉద్దేశం. మంత్రగత్తెల్లో అని వాళ్లు పట్టుకున్నారు. ఆ మాటకు అర్థమేమిటని జ్యూరీ అడిగితే ఆమె జవాబివ్వలేదు. చెవుడు, దానికి తోడు దుఃఖం, ప్రశ్నే సరిగా వినపడలేదు. ఆ మౌనాన్ని నేరాంగీకారంగా తీసుకుని తీర్పు మార్చారు. జూలై 19న ఉరి. పెద్ద ప్రశ్నోత్తరావళి 145లో "ఉద్దేశాలను, మాటలను, క్రియలను అపార్థం చేయడం" అని స్పష్టంగా ఉంది. నియమం లేక కాదు, భయంలో దాన్ని పక్కన పెట్టారు. నేడు ఒక ప్రసంగంలోంచి పదిహేను సెకన్లు కత్తిరించి ఒక సేవకుడికి దుర్బోధ ముద్ర వేసేటప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది. అతను జవాబివ్వకపోతే "చూశారా, మౌనంగా ఉన్నాడు" అంటారు.

ఆమె చెల్లెలు మేరీ ఈస్టీని కూడా సెప్టెంబరులో ఉరితీశారు. ఒప్పుకుంటే ప్రాణం దక్కే అవకాశముంది, ఒప్పుకొన్నవాళ్ల ఉరి ఆగుతోంది. తన ఆత్మ మీద తానే అబద్ధం పలికే ధైర్యం తనకు లేదని ఆమె అర్జీలో రాసింది. నిబంధన మనిషి అంటే ఏమిటో ఆ న్యాయమూర్తుల కన్నా ఆమెలోనే నాకు స్పష్టంగా కనిపిస్తుంది.

సేలం నుంచి నేర్చుకోవాల్సిన రెండో సంగతి దిద్దుబాటు. 1697 జనవరి 14న, ఉపవాస దినాన, న్యాయమూర్తుల్లో ఒకరైన శామ్యూల్ సీవాల్ తన ఒప్పుకోలు చీటీ కాపరికి అందించి, బోస్టన్‌లోని తన సంఘం మధ్య లేచి నిలబడ్డాడు. కాపరి చదివినంతసేపూ నిలబడే ఉన్నాడు. నింద, సిగ్గు తానే తీసుకుంటున్నానన్నాడు. 1706లో ఆన్ పట్నం, చిన్నపిల్లగా నింద మోపిన ఆమె, సేలం గ్రామ సంఘంలో అలాగే నిలబడింది. నర్స్, ఆమె ఇద్దరు చెల్లెళ్ల మీద తాను మోపిన నింద గురించి విడిగా చెప్పింది. పధ్నాలుగేళ్లు ఆలస్యం, సాతాను మోసగించాడన్న మాట కూడా అందులో ఉంది. అయినా తప్పు ఏ సంఘం మధ్య జరిగిందో అక్కడే నిలబడి, ఎవరికి జరిగిందో పేరు పెట్టి చెప్పింది. ప్రధాన న్యాయమూర్తి విలియం స్టౌటన్ మాత్రం ఎన్నడూ క్షమాపణ చెప్పలేదు.

మీ గ్రూపులో దీన్ని ఇలా పెట్టుకోండి. తప్పు వార్త పంపానని తెలిశాక "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" నొక్కి ఊరుకోవడం దిద్దుబాటు కాదు. అది సుమారు రెండున్నర రోజుల లోపే పనిచేస్తుంది, పైగా ఇతరులు ముందుకు పంపిన కాపీలను అది తాకదు. నాలుగు గ్రూపులకు పంపితే ఆ నాలుగింటిలోనూ రాయాలి: "ఫలానా రోజు నేను పంపిన ఫలానా వార్త నిజం కాదు. సరిచూసుకోకుండా పంపాను. మీరెవరికైనా పంపి ఉంటే వాళ్లకూ చెప్పండి." ఒక మనిషి పేరు చెడితే అతని పేరు రాసి, అతనికి విడిగా ఫోన్ చేసి క్షమాపణ అడగాలి. "ఎవరినైనా నొప్పించి ఉంటే" అన్న మాట వాడకండి. అది ఒప్పుకోలులా ఉంటుంది గానీ ఏమీ ఒప్పుకోదు.

స్వస్థత సాక్ష్యాల సంగతి కూడా అడిగారు. పదహారో శతాబ్దం చివరి ప్యూరిటన్ బోధకుడు విలియం పెర్కిన్స్ నాటి నుంచీ ప్యూరిటన్లు అబద్ధాలను మూడు రకాలుగా చూశారు: కీడు చేసేది, నవ్వులాటకు ఆడేది, మేలు కోసం ఆడేది. మూడూ పాపమే అన్నారు, మూడోదాంతో సహా. దేవుని మహిమ కోసం కొంచెం పెంచి చెప్పడం ఈ మూడో రకం. "డాక్టర్లు చేతులెత్తేశారు" అన్న వాక్యం ఎన్ని సాక్ష్యాల్లో వినపడుతుందో మీకు తెలుసు. ఏ డాక్టరు, ఏ పరీక్ష, ముందు రిపోర్టులో ఏముంది, తర్వాత దాంట్లో ఏముంది, మందులు వాడుతూనే ఉన్నారా అని వేదిక ఎక్కే ముందు ఒక పెద్ద అడగాలి. రిపోర్టు లేకపోతే "జ్వరం తగ్గింది, దేవునికి స్తోత్రం" అనే చెప్పనివ్వండి. అదీ సాక్ష్యమే. మందులు ఆపేశానన్న సాక్ష్యాన్ని మాత్రం విని ఇంకొకరు మందులు ఆపితే ప్రాణాలు పోతాయి, దాన్ని రికార్డు చేసి తిప్పకండి. సభల నివేదికల్లో చేతులెత్తినవారి లెక్క, బాప్తిస్మం పొందినవారి లెక్క వేరువేరుగా రాయండి. ఈ రెంటినీ కలిపేయడమే అక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు.

తొమ్మిదో ఆజ్ఞను నోళ్లు మూయించడానికి వాడేవాళ్లూ ఉంటారు. జాగ్రత్త. "సంఘం పరువు తీయకు, కొండెములాడకు" అని బాధితురాలితో చెప్పడం 145వ జవాబుకు పూర్తి విరుద్ధం. న్యాయమైన విషయంలో అనుచిత మౌనం పాపమనీ, అక్రమం మన గద్దింపునో ఇతరులకు ఫిర్యాదునో కోరినప్పుడు నోరు మూసుకోవడం పాపమనీ అదే జవాబులో ఉంది. పిల్లల మీద లైంగిక వేధింపు తెలిస్తే పోలీసులకు చెప్పాల్సిందేనని 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అంటోంది, చెప్పకపోవడం నేరం. దాన్ని గ్రూపులో పెట్టడం సాక్ష్యం కాదు, సంఘంలో కప్పిపెట్టడం ప్రేమ కాదు. వెళ్లాల్సింది పోలీస్ స్టేషన్‌కి.

పొరుగువాడు అంటే సంఘ సభ్యుడే అనుకోవద్దు. హిందువుల మీద, ముస్లింల మీద వచ్చే అబద్ధపు వార్త కూడా అదే ఆజ్ఞ కిందికి వస్తుంది. మన మీద అబద్ధాలు తిరుగుతున్నాయని బాధపడుతూ వాళ్ల మీదవి మోసేవాడికి ఆ బాధ చెప్పుకునే హక్కు మిగలదు.

చివరగా, గ్రూపు కోసం ఒక నిబంధన రాసుకుందామా అన్నారు. రాసుకోండి, కానీ బలవంతపు సంతకాలు వద్దు. 1650లో స్కాట్లండ్ రాజ్యం కావాలంటే నిబంధనకు (సంఘ సంస్కరణను కాపాడతామని అక్కడివాళ్లు రాసుకున్న ఒడంబడికకు) ప్రమాణం చేయాల్సిందేనని రెండో చార్లెస్ రాజుతో చేయించారు. మనసు లేకుండా చేశాడు. 1661లో, అతను ఇంగ్లండ్ సింహాసనం మీద ఉండగా, పార్లమెంటు ఆజ్ఞపై అదే నిబంధన పత్రాన్ని తలారి చేత తగలబెట్టించారు. దానికి ఎదురుగా 1662 చూడండి: ఇంగ్లండ్ సంఘపు ప్రార్థన గ్రంథంలోని ప్రతిదానికీ మనఃపూర్వకంగా సమ్మతిస్తున్నామని చెప్పమంటే, మనసులో లేనిది నోటితో అనలేక వందలాది కాపరులు జీతం, ఇల్లు వదిలి వెళ్లిపోయారు. 1660 నుంచి లెక్కిస్తే అలా పదవి పోయినవాళ్లు దాదాపు 2,000 మంది. "ప్రమాణము చేయగా నష్టము కలిగినను మాట తప్పడు" అన్న కీర్తన 15వ అధ్యాయం వాళ్లకు కంఠస్థం. ప్రమాణాన్ని మాటల మామూలు అర్థంలోనే చేయాలి, మనసులో మినహాయింపులు దాచుకోకూడదు అని విశ్వాస ప్రమాణం 22వ అధ్యాయం చెబుతుంది.

కాబట్టి నాలుగు వాక్యాలు దాటనివ్వకండి, ప్రతిదీ చేయగలిగేదే ఉండాలి. మూలం తెలియని వార్త పంపను. ఒక మనిషి మీద వచ్చిన ఆరోపణను గ్రూపులో పెట్టను, పెద్దలకో అధికారులకో చెబుతాను. తప్పు పంపితే పంపిన ప్రతిచోటా దిద్దుతాను. నన్ను ఎవరైనా సరిదిద్దితే కోపపడను. "ఎల్లప్పుడూ సత్యమే పలుకుతాను" లాంటి వాక్యం పెట్టకండి. మొదటి వారంలోనే తప్పుతారు, తర్వాత మిగతా మూడూ ఎవరూ పట్టించుకోరు. చదివి, వారం గడువిచ్చి, ఒప్పుకొన్నవాళ్లే పేరు రాసేలా చూడండి. ఒప్పుకోనివాళ్లను గ్రూపులోంచి తీయకండి. సంస్కార ఆరాధనకు ముందు వారం ఒకసారి దాన్ని బయటకు చదవండి, ఆ నెలలో దిద్దాల్సినవి ఎవరికైనా మిగిలి ఉంటే బల్ల దగ్గరికి రాకముందే దిద్దుకునే సమయం ఉంటుంది.